మూసీ అడుగు మట్టి: అపోహలు - వాస్తవాలు

నదుల అడుగు మట్టిలో లోహాలను కొలిచే ప్రయోగశాలలో నా ఉద్యోగం. మూసీ మీద పనిచేస్తున్నామని తెలియగానే అందరూ నీళ్ల గురించే అడుగుతారు. మట్టి గురించి అడిగేవాళ్లు తక్కువ, అడిగినా తమ సమాధానం తామే చెప్పేస్తారు. అలా తరచూ వినిపించే మాటలు కొన్ని:

అపోహ: నీటి పరీక్షలో సీసం, కాడ్మియం బయటపడలేదు. కాబట్టి నది బాగున్నట్టే.

నీటి నమూనా చెప్పేది ఆ గంటలో సీసాలోకి వచ్చిన నీటి సంగతి. రాత్రి వదిలిన వ్యర్థజలం తెల్లారేసరికి ఆ చోటు దాటిపోతుంది. పైగా సీసం, రాగి వంటివి నీటిలో ఎక్కువసేపు కరిగి ఉండవు. బంకమట్టి రేణువులకో, కుళ్లిన సేంద్రియ పదార్థానికో, ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లకో అంటుకుని అడుగుకు చేరతాయి. నివేదికలో ‘గుర్తించలేదు’ అని వచ్చిన చోట కూడా మేము మట్టి తీసి చూసేది అందుకే.

అపోహ: మట్టిలో క్రోమియం ఉందంటే ఫ్యాక్టరీ పనే.

ఇది విని పరిశ్రమల వాళ్లు సంతోషించనక్కర్లేదు గానీ, రాళ్లలోనూ క్రోమియం ఉంటుంది. మూసీ పుట్టిన అనంతగిరి వైపు దక్కన్ నల్లరాయి (బసాల్ట్) ఉంది. అది అరిగితే క్రోమియం, నికెల్, రాగి సహజంగానే మట్టిలో కలుస్తాయి. నగరం దగ్గరికి వచ్చేసరికి కింద ఉండేది హైదరాబాద్ గ్రానైట్, దాని లెక్క వేరు. అందుకే ఉస్మాన్‌సాగర్‌కు ఎగువన మట్టి తీసి, దానితో పోల్చకుండా దిగువ అంకెకు అర్థం చెప్పకూడదు.

రేణువు పరిమాణం మరో చిక్కు. లోహం సన్నటి మట్టిని పట్టుకుంటుంది, ఇసుకను పెద్దగా పట్టుకోదు. ఒకే చోట గుప్పెడు ఇసుక తీస్తే నది నిర్దోషి, జానెడు పక్కన బంకమట్టి తీస్తే దోషి! ఈ తేడా పోవాలనే 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన భాగాన్నే కొలుస్తాం. జల్లెడ కూడా నైలాన్‌దే, మట్టి తీసే గరిటె ప్లాస్టిక్‌దే. స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే దానిలోని క్రోమియం, నికెల్ నమూనాలో కలిసే ప్రమాదం ఉంది. నివేదిక ఎవరిదైనా నేను మొదట వెతికేది అంకెలను కాదు, జల్లెడ వివరాన్ని.

అపోహ: నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉన్న బురదే విషం. తవ్వి గట్టున పోస్తే పీడ విరగడవుతుంది.

నలుపు రంగు ఎక్కువగా ఐరన్ సల్ఫైడ్‌ది, వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆక్సిజన్ అందని చోట మురుగులోని సల్ఫేటును బాక్టీరియా సల్ఫైడుగా మారుస్తుంది. ఆ సల్ఫైడు కాడ్మియం, సీసం, జింకులను గట్టిగా బంధిస్తుంది. అంటే కదపనంతకాలం ఆ కంపు బురదే లోహాలకు తాళం వేసి ఉంచుతుంది.

దాన్ని ఎక్స్‌కవేటర్‌తో ఎత్తి గట్టున పోయండి. గాలి తగిలినకొద్దీ నలుపు పోయి తుప్పు రంగుకు తిరుగుతుంది. సల్ఫైడు ఆక్సీకరణం చెంది ఆమ్లం పుడుతుంది, బంధంలో ఉన్న కాడ్మియం కరిగే రూపంలోకి వస్తుంది. తొలి వానకు అదంతా మళ్లీ నదిలోకో, పక్క పొలంలోకో దిగుతుంది. పూడిక తీయవద్దని నేననను. తీసే ముందు పరీక్షించాలి, తీసింది ఎక్కడ పోస్తారో ముందే తేల్చాలి. టెండరు కాగితాల్లో ఘనపు మీటర్లు ఉన్నంత వివరంగా ఈ సంగతి కనిపించదు.

అపోహ: పెద్ద వరద వస్తే అంతా కొట్టుకుపోతుంది.

పోతుంది, కిందివాళ్ల దగ్గరికి. నీటి వేగం తగ్గిన ప్రతి కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) వెనకా, ఆపైన సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టులోనూ సన్నటి ఒండ్రు దిగుతుంది. మిగిలింది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

అపోహ: నీళ్లు మరిగిస్తే చాలు.

సూక్ష్మజీవులు చస్తాయి. లోహం అలాగే ఉంటుంది, నీరు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది కూడా.

అపోహ: ఆకుకూరలు బాగా కడిగితే భయం లేదు.

సగం నిజం. సీసం వేర్ల నుంచి ఆకుకు పెద్దగా ఎక్కదు. ఆకు మీద ఉన్నది ఎక్కువగా దుమ్ము, చిందిన బురద, కాబట్టి కడిగితే చాలావరకు పోతుంది. కాడ్మియం అలా కాదు, పాలకూర వంటివి దాన్ని ఆకు లోపలికే లాక్కుంటాయి.

వరిలోనూ అంతే. జపాన్‌లో జింజు నది మోసుకొచ్చిన గని వ్యర్థాల కాడ్మియం పొలాల్లో చేరి, బియ్యం ద్వారా ఎముకలను గుల్ల చేసింది. ఇటాయ్-ఇటాయ్ అనే ఆ జబ్బును ప్రభుత్వం కాలుష్య వ్యాధిగా గుర్తించింది 1968లో. పొలంలో నీరు నిలిపి ఉంచితే గింజలోకి కాడ్మియం తక్కువ చేరుతుంది, ఆరబెడితే పెరుగుతుంది. ఆర్సెనిక్‌కు ఇది పూర్తిగా తలకిందులు, నీరు నిలిపితేనే ఎక్కువ. కాబట్టి మూసీ నీరు పారే పొలానికి ఏం చేయాలని రైతు అడిగితే, ముందు ఆ పొలం మట్టి తెమ్మంటాను.