ఒత్తిడి వేళ మెదడులో జింకు లెక్క

1957లో హార్వర్డ్‌కు చెందిన మార్గోషెస్, వ్యాలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుర్రం మూత్రపిండం నుంచి కాడ్మియాన్ని పట్టుకుని ఉన్న ఒక చిన్న ప్రొటీన్‌ను వేరుచేశారు. లోహమూ గంధకమూ రెండూ మెండుగా ఉన్నందున దానికి తర్వాత మెటలోథయోనిన్ అని పేరు పెట్టారు. దానిలో 60కి కాస్త పైబడిన అమైనో ఆమ్లాలు ఉంటే, వాటిలో 20 సిస్టీన్‌లే. ప్రతి సిస్టీన్‌లోనూ ఒక గంధకపు పరమాణువు ఉంటుంది. ఆ గంధకాలన్నీ కలిసి రెండు గుప్పిళ్లుగా ముడుచుకుని, ఒకదానిలో నాలుగు, మరొకదానిలో మూడు చొప్పున మొత్తం ఏడు జింకు పరమాణువులను పట్టి ఉంచుతాయి. మన పెద్దలు తుత్తునాగం అని పిలిచిన లోహమే ఈ జింకు. ఇదే ప్రొటీన్ రాగినీ పట్టుకోగలదు.

జింకు లేనిదే కణం బతకలేదు, కానీ అది అదుపు తప్పి తిరిగినా కణానికి ముప్పే. పట్టుకునేవారు లేని జింకు తనకు చెందని ప్రొటీన్‌లకు అతుక్కుని వాటి పని చెడగొడుతుంది. రాగి అయితే ఆక్సిజన్‌తో కలిసి కణాన్ని లోపలినుంచి కాల్చే చురుకైన అణువులను పుట్టిస్తుంది. మెటలోథయోనిన్ ఈ రెండింటినీ అదుపులో పెడుతుంది, ఆ చురుకైన అణువుల దెబ్బను తన గంధకంతో కాచుకుంటుంది. గంధకం అలా దెబ్బ తిన్నప్పుడు పట్టు సడలి జింకు బయటికి వస్తుంది కాబట్టి, దీన్ని దాచిపెట్టే పెట్టెగానే చూస్తే సగమే చూసినట్టు.

ఒత్తిడి హార్మోనుకు దీనితో ఏమి పని? మనిషి భయపడినా, గాయపడినా, నిద్రకు దూరమైనా మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని కదిలిస్తుంది, అది మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులను కదిలిస్తుంది, అవి కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. ఎలుకల్లో ఆ పని చేసేది కార్టికోస్టిరాన్. కొవ్వులో కరిగే ఈ హార్మోను మెదడు కణాల్లోకి చొరబడి అక్కడ తనను అందుకునే ప్రొటీన్‌ను, అంటే గ్రాహకాన్ని, అంటుకుంటుంది. ఆ గ్రాహకం కేంద్రకంలోకి వెళ్లి డీఎన్‌ఏను పట్టుకుని మెటలోథయోనిన్ జన్యువును మేల్కొలుపుతుంది. డీఎన్‌ఏను తాకే చోట గ్రాహకానికి రెండు వేళ్ల వంటి మడతలున్నాయి, ఒక్కో మడతను నిలబెట్టేది నాలుగు సిస్టీన్‌ల మధ్య చిక్కిన ఒక జింకు పరమాణువు. జింకును భద్రపరచమన్న ఆజ్ఞను మోసుకెళ్లే చేతికి కూడా జింకే బలమన్నమాట. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చట ఇదే.

అయితే ఆ ఆజ్ఞ నేరుగా జన్యువుకే అందుతోందా, లేక హార్మోను ముందు కణంలోకి జింకును రప్పిస్తే, ఆ జింకు జన్యువును మేల్కొలుపుతోందా అన్న సందేహం చాలాకాలం ఉండేది. దీన్ని తేల్చినవారిలో మైకేల్ కారిన్ ముఖ్యుడు. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలకు డెక్సామెథసోన్ అనే కృత్రిమ హార్మోను ఇచ్చి, జింకు లోపలికి చేరడానికి ముందే జన్యువు స్పందిస్తోందని ఆయన బృందం చూపింది. తర్వాత 1984లో ఆ జన్యువుకు ఎగువన ఉన్న డీఎన్‌ఏలో లోహానికి స్పందించే భాగం, హార్మోనుకు స్పందించే భాగం వేరువేరుగా ఉన్నాయని వెల్లడైంది. లోహం ఎక్కువైనా, ఒత్తిడి ఎక్కువైనా అదే జన్యువు తెరుచుకుంటుంది, కానీ తాళంచెవులు వేరు.

మెదడులో కథ కొంత మెలిక తిరుగుతుంది. అక్కడ మొదటి, రెండో రకం మెటలోథయోనిన్‌లు ఎక్కువగా ఆస్ట్రోసైట్లలో, అంటే నాడీకణాలను కాపుకాసే నక్షత్రాకారపు కణాల్లో ఉంటాయి. ఎలుకను కదలనివ్వకుండా కొన్ని గంటలు బంధించి ఉంచితే మెదడులో మొదటి రకం పెరుగుతుందని బార్సిలోనాలో హువాన్ హిడాల్గో బృందం పలుమార్లు గమనించింది. నాడీకణాల్లో ఎక్కువగా ఉండే మూడో రకం తీరు వేరు. 1991లో జపాన్ శాస్త్రవేత్తలు నాడీకణాల పెరుగుదలను అణిచే పదార్థంగా దీన్ని కనుగొన్నారు. మొదటి రెండింటిని ఇట్టే పెంచే లోహాలకు ఇది అంత సులువుగా లొంగదు. కాబట్టి ఒత్తిడి హార్మోను మెదడంతటికీ ఒకే కవచం తొడుగుతుందని అనుకోరాదు. ఆజ్ఞను ముందుగా అందుకునేవి కాపలా కణాలే.

ఇదే ఒత్తిడిలో కాలేయం మెదడు కన్నా గట్టిగా స్పందిస్తుంది. అక్కడ మెటలోథయోనిన్ పెరిగేకొద్దీ రక్తంలోని జింకు కాలేయంలోకి చేరి, రక్తంలో దాని మోతాదు పడిపోతుంది. జబ్బుతోనో తీవ్రమైన ఒత్తిడితోనో ఉన్నవారి రక్తపరీక్షలో జింకు తక్కువ కనిపించినంత మాత్రాన ఒంట్లో కొరత ఉన్నట్టు కాదు. మెదడులోని జింకు గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. ఆ అంకె చూసి మందుల దుకాణానికి పరుగెత్తేవారిని చూస్తే నాకు కాస్త దిగులు.

మెదడులో జింకు దట్టంగా పోగుపడే చోట్లలో హిప్పోకాంపస్ ఒకటి. జ్ఞాపకాలకు నెలవైన ఈ భాగాన్ని పలుచగా కోసి, టిమ్ పద్ధతిలో సల్ఫైడు, వెండి లవణాలతో రంగు పట్టిస్తే, మాసీ తంతువులనే నాడీతంతువులు సాగిన దారి అంతా ముదురు గోధుమరంగు చారగా సూక్ష్మదర్శినిలో కనబడుతుంది. ఒత్తిడి హార్మోనుకు గ్రాహకాలు విస్తారంగా ఉన్నదీ ఇక్కడే. రక్తంలో ఎక్కించిన కార్టికోస్టిరాన్ ఎలుక మెదడులో హిప్పోకాంపస్‌లో ఎక్కువగా నిలిచిపోతోందని బ్రూస్ మెక్‌యువెన్ బృందం 1968లో ప్రకటించింది. అదే ప్రయోగశాలలో తర్వాత ఎలుకలను రోజుకు ఆరు గంటల చొప్పున 21 రోజులు బంధించి చూస్తే, సీఏ3 అనే ప్రాంతంలో నాడీకణాల కొమ్మలు కురచబారాయి. జింకును మోసుకొచ్చే మాసీ తంతువులు వచ్చి చేరేది సరిగ్గా ఆ ప్రాంతానికే. ఆ నష్టానికి ప్రధాన కారణాలుగా నాడీకణాల మధ్య సందేశాలు మోసే గ్లుటమేట్‌నూ కార్టికోస్టిరాన్‌నూ చెబుతారు గనుక, చోటు ఒకటే అన్న ఒక్క ఆధారంతో నేరాన్ని జింకు మీద మోపడం తొందరపాటే అవుతుంది. బంధించడం ఆపేసిన కొద్ది రోజులకు ఆ ఎలుకల్లో కొమ్మలు మళ్లీ సాగాయి.