కొండ తోటల్లో పూత ఎందుకు మాడుతోంది? అపోహలు – వాస్తవాలు

"చలికాలాలు వేడెక్కాయి, ఇక ఫ్రాస్ట్ (మొగ్గను, పూతను గడ్డకట్టించే రాత్రి చలి) భయం లేదు." కొండ ప్రాంతాల పండ్ల తోటలను అన్నిటికన్నా ఎక్కువగా ముంచుతున్న మాట ఇది. జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. చలికాలం చివర్లో కొన్నాళ్లు గట్టిగా ఎండ కాస్తే చెట్టు తొందరపడి మొగ్గ విప్పుతుంది. ఆ తర్వాత వచ్చే ఒక్క చలిరాత్రి, పెద్ద చలేమీ కాకపోయినా, పూతంతా ఊడ్చేస్తుంది. ఆపిల్ మొగ్గ కొస పచ్చబారే దశలో మైనస్ 7.8 డిగ్రీలకు పోయేది పదో వంతే. అదే చెట్టు నిండు పూతలో ఉంటే మైనస్ 2.2కే పదో వంతు, మైనస్ 3.9కి నూటికి 90 పూలు పోతాయి. 2021లో ఫ్రాన్స్‌లో జరిగింది ఇదే. మార్చి చివరి వేడికి చిగురించిన ద్రాక్ష, పండ్ల తోటలు ఏప్రిల్ మొదట్లో వచ్చిన ఫ్రాస్ట్‌కు మాడిపోయాయి. అందుకే ఎంత చలి అన్నదొక్కటే చూస్తే చాలదు, పూత ఏ దశలో ఉందో కూడా చూడాలి.

"యాప్‌లో 2 డిగ్రీలు చూపిస్తోంది" అని నిద్రపోకండి. ఆ అంకె మనిషి ఎత్తున, నీడలో ఉండే గాలిది. మబ్బూ గాలీ లేని రాత్రి చల్లగాలి నీళ్లలాగే వాలు దిగి పల్లంలో మడుగు కడుతుంది. అందుకే చాలాసార్లు నడికొండ తోట బతికి, లోయ అడుగు తోట పోతుంది. థర్మామీటరును అన్నిటికన్నా పల్లపు వరసలో, పూల ఎత్తున, పైన ఏ కప్పూ లేకుండా కట్టండి. తోట దిగువ అంచున దట్టమైన కంచె ఉంటే చల్లగాలికి అది ఆనకట్ట, దారి విడవండి.

"పొగ పెడితే ఫ్రాస్ట్ పోతుంది" అన్నది అపోహేనని ఎన్నిసార్లు చెప్పినా చాలడం లేదు. పొగ రేణువులు మరీ సన్నం, నేల నుంచి పోయే వేడిని అవి ఆపవు. పనికొచ్చేది మంట వేడి, అదీ చిన్న చిన్న మంటలు చాలాచోట్ల పెడితేనే. పెద్ద మంట వేడి నిట్టనిలువునా పైకి పోయి, పక్కల నుంచి చల్లగాలిని లాక్కొస్తుంది.

స్ప్రింక్లర్లు నిజంగా కాపాడతాయి, సగంలో ఆపనంతవరకే. నీరు గడ్డకడుతూ వదిలే వేడి పూతను సున్నా దగ్గర నిలుపుతుంది. అదే నీరు ఆవిరైతే దానికి ఏడు రెట్లకు పైగా వేడి లాక్కుంటుంది. కాబట్టి తడిబల్బు థర్మామీటరు (బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు) సున్నాకు దిగకముందే మొదలుపెట్టాలి. గాలి పొడిగా ఉంటే ఇంకా ముందే. గంటకు సుమారు 3 మి.మీ., అంటే హెక్టారుకు 30,000 లీటర్లు, రాత్రంతా పడాలి. ఎండెక్కి తడిబల్బు సున్నా దాటి, మంచు కరిగి రాలిపోయేదాకా నీళ్లు ఆపకూడదు. అన్ని నీళ్లు లేకపోతే అసలు మొదలుపెట్టకండి, నడిరాత్రి ఆగిన తోట తడవని తోటకన్నా ఘోరంగా దెబ్బతింటుంది. అలాంటప్పుడు నేలను ముందురోజే తడిపి ఉంచండి. దున్నకండి. గుల్లబారిన పొడినేల పగటి వేడిని దాచుకోలేదు.

తెల్లారి చూసి గుండె జారిపోవడం సహజం. అయినా ఆ రోజే చెట్లకు కత్తెర పెట్టొద్దు. మధ్యాహ్నానికి వేర్వేరు ఎత్తుల నుంచి 100 పూలు కోసి, బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. నడిమి అండకోశం నల్లబడితే ఆ పువ్వు పోయినట్టే, పచ్చగా ఉంటే బతికినట్టే. ఆపిల్ విరగపూసిన ఏడాది నూటికి పది పూలు కాయగా నిలిస్తే చాలు, పంట నిండుగానే వస్తుంది.

"వేడి పెరిగితే పంటను పైకి జరుపుకుంటే సరి" అంటారు. ఎత్తుకు పోతే చల్లదనం దొరుకుతుంది, లోతైన మట్టి దొరకదు. "వాన పెరిగితే దిగుబడి పెరుగుతుంది" అన్నదీ అంతే. గంటలో కుండపోతగా పడిన వాన వాలులో ఇంకదు, పైమట్టిని తీసుకుని పోతుంది.