తాళం వేసిన ఇల్లూ లెక్కలోకి రావాలి: సినారియో ప్లానింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: సినారియో అంటే రేపు ఏం జరుగుతుందో ముందే చెప్పడం.

వాస్తవం: కాదు. మండలంలో జీవనోపాధికి ప్రణాళిక వేసేటప్పుడు మూడు నాలుగు రకాల రేపటిని పక్కపక్కన పెట్టి, ఇవాళ తీసుకోబోయే నిర్ణయం ఎన్నింటిలో నిలబడుతుందో చూడటం. అందుకే వాటికి శాతాలు తగిలించకూడదు. ఒకదానికి "60 శాతం" అని రాశామా, అందరూ దాన్నే పట్టుకుని మిగతావి వదిలేస్తారు.

అపోహ: ఇది నిపుణుల పని, ఊళ్లోవాళ్లకు అర్థం కాదు.

వాస్తవం: 2001 జూన్ చివర్లో మెదక్ జిల్లాలో జరిగిన 'ప్రజాతీర్పు' అనే పౌరుల జ్యూరీ దీనికి జవాబు. జ్యూరీలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, అందులోనూ మహిళలు. వ్యవసాయానికి మూడు దారులను వీడియోల్లో చూపించారు: ఒకటి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రణాళిక విజన్ 2020 చెప్పిన యంత్రాలు, జన్యుమార్పిడి పంటలు; రెండు, ఎగుమతికి సేంద్రియ సాగు; మూడు, స్థానిక స్వావలంబన. వాళ్లు నిపుణులను ప్రశ్నించి, భూమి మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40కి తగ్గించే ఆలోచనను వద్దన్నారు. మూడింట్లో ఒకటే ఎంచుకోవాలన్న కట్టడి లేదు. నచ్చినవి కలిపి సొంత దారి చెప్పుకోవచ్చు. మనం పట్టుకోవాల్సింది ఈ పద్ధతినే.

అపోహ: ప్రభుత్వ గణాంకాలు ఉండగా మళ్లీ సర్వే ఎందుకు?

వాస్తవం: ఉపాధిపై కేంద్రం చేసే పీఎల్ఎఫ్ఎస్ లాంటి శాంపిల్ సర్వే మండలానికి విడిగా అంకెలు ఇవ్వడానికి చేసేది కాదు. ఒక్కో రేపటిలో మన మండలంలో ఎవరి బతుకు ఎలా ఉంటుందో తేల్చాలంటే సొంత సర్వే తప్పదు, అసలు పొరపాట్లు జరిగేదీ అక్కడే. అడంగల్ నుంచి పేర్లు తీస్తే కౌలు రైతులు జారిపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డుకు భూయజమాని ఒప్పుకోలు కావాలి కాబట్టి ఆ జాబితా కూడా నిండుగా ఉండదు. ఇల్లిల్లూ తిరిగి మన జాబితా మనమే రాసుకోవాలి.

తాళం కనబడగానే పక్కింటికి వెళ్లిపోతే వలస కుటుంబాలన్నీ లెక్క తప్పుతాయి. ఇల్లు మార్చొద్దు. "వలస" అని రాసి, బంధువుల ద్వారా అడిగించి, వాళ్లు సరేనంటే పని ముగిశాక రాత్రిపూట ఫోన్లో మాట్లాడాలి. ఇక ఆడవాళ్లను "పని చేస్తారా?" అంటే "ఇంట్లోనే ఉంటా" అంటారు. "నిన్న తెల్లారి లేచింది మొదలు ఏమేం చేశారమ్మా?" అని అడగండి, పాలు పితకడం, కలుపు తీయడం, బీడీలు చుట్టడం అన్నీ బయటికొస్తాయి.

అపోహ: నాలుగు కథలు రాస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ముందు గడువుతో ఒక్క ప్రశ్న కావాలి: "2035 నాటికి మన మండలంలో భూమిలేని కుటుంబాలకు ఏడాది పొడవునా ఆదాయం ఎలా?" ప్రభావం చూపేవన్నీ చీటీల మీద రాసి, ఎక్కువ ప్రభావం ఉండి ఎటు తిరుగుతాయో తెలియనివి రెండు తీసుకుని, ఒకటి అడ్డగీత, ఇంకోటి నిలువుగీతగా గీస్తే నాలుగు గడులు వస్తాయి; ఒక్కో గడి ఒక్కో కథ. అనంతపురం మెట్ట ప్రాంతంలో వానలు, వలస అని గీతలు గీస్తే తప్పు; వాన లేకపోతే వలస ఎటూ పెరుగుతుంది, రెండు గడులు ఖాళీ. వానలు ఒక గీత, బెంగళూరు నిర్మాణ పనుల గిరాకీ ఇంకో గీతగా పెట్టాలి.

ఇప్పుడు నూనె మిల్లు, గొర్రెల పెంపకం లాంటి ప్రతిపాదనలను ఒక్కో గడిలో పెట్టి చూడాలి. వాన లేని రెండింట్లో మిల్లుకు వేరుశనగ రాదు. గొర్రెలకూ మేత కరువే, గ్రాసం నిల్వ ఖర్చు కలపకపోతే ఆ లెక్క అబద్ధం. సగటు ఆదాయం చూసి ఊరుకోవద్దు. కౌలు రైతు, భూమిలేని కూలీ, ఒంటరి మహిళ ఒక్కొక్కరి చేతికి ఎంతొస్తుందో వేర్వేరు వరుసల్లో రాయాలి. చివరగా ప్రతి గడికీ ఒక ముందస్తు గుర్తు: జులై నెలాఖరుకు విత్తిన ఎకరాలు, మేస్త్రీలు కూలీలకిచ్చే అడ్వాన్సు. వాటిని ఏడాదికి రెండుసార్లు ఎవరు చూసి రాస్తారో పేరు పెట్టి తేల్చాకే సమావేశం ముగించండి.