నల్లగొండ, పాలమూరు దారుల్లో హోటల్ భోజనం: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు 65వ నంబరు హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ. బెంగళూరు వైపు 44వ నంబరు మీద షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు, అలంపూర్ చౌరస్తా. ఆకలైనప్పుడు బండి ఆగేది ఈ ఊళ్లలోనే. ఆగేముందు బండిలో అందరూ ఆలోచించేది ఏ హోటల్ అని. వంటగది సంగతి తెలిసినవాళ్లు ముందు టైం చూస్తారు. చిన్న ఊరి హోటల్లో ఒంటి గంటకు కమ్మగా ఉన్న కూర, నాలుగింటికి అదే గంజులో (వండిన పెద్ద గిన్నెలో) అడుగంటి ఉంటుంది. వంటవాడూ అతడే, మసాలా కూడా అదే.

అపోహ: బస్సులు, లారీలు బారులు తీరిన చోట తిండి బాగుంటుంది.

ప్రైవేటు బస్సు ఎక్కడ ఆగాలో లోపల కూర్చున్నవాళ్లు తేల్చరు. డ్రైవరుకు, క్లీనరుకు ఉచితంగా భోజనం పెట్టి, బండి పెట్టుకోవడానికి జాగా చూపించిన చోట అది ఆగుతుంది. అక్కడి జనం రుచి చూసి వచ్చినవాళ్లు కాదు, రేపు మళ్లీ వచ్చేవాళ్లూ కాదు. లారీల గుంపు కొంత నయమైన గుర్తే. కానీ వాళ్లకు స్నానానికి నీళ్లు, నడుం వాల్చడానికి మంచం కూడా కావాలి, తిండి ఒక్కటే కాదు.

నమ్మదగ్గ గుర్తు వేరే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు బయట ఊరి బండ్లు నిలబడి ఉన్న మెస్ చూడండి. బ్యాంకువాళ్లు, కోర్టు గుమస్తాలు, మండలాఫీసు సిబ్బంది రోజూ తినే చోట వండినదంతా రెండింటికల్లా ఖాళీ అవుతుంది. ఇలాంటివి హైవే మీద తక్కువ. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో క్లాక్ టవర్ చుట్టుపక్కల, బస్టాండు వెనక గల్లీల్లో వెతకండి. జడ్చర్ల దగ్గర హైవే దిగితే మహబూబ్‌నగర్ పదిహేను కిలోమీటర్లు. తొందర లేకపోతే ఆ మళ్లింపు దండగ కాదు.

అపోహ: వేడివేడిగా పొగలు కక్కుతూ వస్తే తాజాదే. మరగబెడితే ఏ దోషమైనా పోతుంది.

ఈ ఒక్క నమ్మకం వల్ల పాడయ్యే కడుపులు లెక్కలేవు, అందుకే దీని గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికినా ఇవి చావవు. అన్నం అరవై డిగ్రీల పైన వేడిగా ఉన్నంతసేపు, లేదా ఐదు డిగ్రీల లోపు చల్లగా ఉన్నంతసేపు అణిగి ఉంటాయి. మధ్యలో గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం వేడికి లొంగదు. అన్నాన్ని మళ్లీ పెనం మీద ఎర్రగా వేయించినా అది అందులోనే ఉంటుంది. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి బండి మీద తయారయ్యే ఎగ్ ఫ్రైడ్ రైస్ సంగతి చూడండి. ఫ్రైడ్ రైస్‌కు అన్నం పొడిపొడిగా ఉండాలి, కాబట్టి ముందే వండి ఆరబెట్టడం తప్పేమీ కాదు. సాయంత్రం ఐదింటికి వండి, పళ్లెంలో పలచగా పరిచి ఆరబెడితే భయం తక్కువ. మధ్యాహ్నం భోజనాల్లో మిగిలిన అన్నం ప్లాస్టిక్ టబ్బులో ముద్దగా కుక్కి, తడిగుడ్డ కప్పి ఉంచితే మాత్రం ఆ టబ్బు మధ్యభాగం రాత్రి దాకా గోరువెచ్చగానే ఉంటుంది. బండి దగ్గర అన్నం దేంట్లో ఉందో ఒక్క చూపు చూస్తే చాలు.

బిర్యానీకీ ఇదే లెక్క. దమ్ బిర్యానీ గంజు సాధారణంగా పన్నెండు ప్రాంతంలో ఒకటి, రాత్రి ఏడు ప్రాంతంలో మరొకటి తెరుస్తారు. మూడున్నరకు దొరికేది మధ్యాహ్నపు గంజు అడుగు. ఇంకో సంగతి: చాలా చిన్న హోటళ్లలో బోర్డు మీద హైదరాబాదీ దమ్ బిర్యానీ అనే ఉంటుంది, ప్లేటులోకి వచ్చేది మాత్రం మసాలా దినుసుల తాలింపుతో వండిన బగారన్నం, దాని మీద విడిగా వేయించిన చికెన్ ముక్కలు. అది మోసమనుకోనక్కర్లేదు. మంచి బగారన్నం, పప్పుతో చేసే దాల్చా పడితే రెండో రకం దమ్ బిర్యానీ కన్నా ఎంతో మేలు. మెనూ చూడకుండా "బగార ఉందా?" అని నేరుగా అడగండి.

మూడు నుంచి ఆరు దాకా ఈ హోటళ్లలో కూర గానీ అన్నం గానీ కొత్తగా పొయ్యి ఎక్కదు. ఆ వేళకు వస్తే కళ్ల ముందు తయారయ్యేవే తీసుకోండి: ఆమ్లెట్, దోశ, చాయ్.

అపోహ: వెజ్ అయితే ఏ భయమూ లేదు.

మాంసం చాలాసేపు ఉడుకుతుంది. పల్లి చట్నీ అసలు ఉడకదు. పొద్దున ఆరింటికి రుబ్బిన చట్నీలో చిక్కబడినప్పుడల్లా నీళ్లు కలుపుతుంటారు, పదకొండింటికి అందులో సగం ఆ నీళ్లే. కొబ్బరి కలిసిందైతే ఇంకా తొందరగా పులుస్తుంది. టిఫిన్ ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు తినేయడం మంచిది. పదకొండింటికి తప్పదనుకుంటే చట్నీ వదిలి కారంపొడి వేయించుకోండి.

పచ్చి పులుసు కూడా ఇలాంటిదే. చింతపండు రసంలో పచ్చి ఉల్లిగడ్డ, మిర్చి పిసికి చేస్తారు, పొయ్యి ఎక్కించరు. తెలంగాణ భోజనంలో దాన్ని మించిన రుచి లేదని వాదించేవాళ్లతో పేచీ లేదు. కాకపోతే అందులో పోసిన నీళ్లు ఎలాంటివో పులుసూ అలాంటిదే. మజ్జిగకూ అంతే. తాగే నీళ్లు ఏ క్యాన్ నుంచి పోస్తున్నారో చూసి, అవే వంటకూ వాడతారా అని అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

అపోహ: నల్లగొండలో మరగబెట్టిన నీళ్లు తాగితే ఫ్లోరైడ్ బాధ ఉండదు.

మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్లు కాస్త పెరుగుతాయి కూడా. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వనరు లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని మన ప్రమాణం. ఆర్‌ఓ దాన్ని తీసేస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు ఈ జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక బోరు నీళ్లే దిక్కన్న పరిస్థితి మారింది. ఇక ప్రయాణికుడి మాటకొస్తే, పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్ ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. ఒక్క పూట భోజనంతో రాదు. మీరు చూసుకోవాల్సింది ఫ్లోరైడ్ కన్నా క్రిములను. సీలు ఉన్న బాటిలు కొనుక్కుంటే చాలు.

అపోహ: రంగు ఈకల కోడి అంటే నాటుకోడే.

గిరిరాజ, వనరాజ రకాలకూ రంగురంగుల ఈకలే. అవి పెరట్లో పెంచుకోవడానికి శాస్త్రవేత్తలు తయారుచేసిన జాతులు. వనరాజ అయితే మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ నుంచే వచ్చింది. మాంసం చెడ్డదేం కాదు గానీ నాటుకోడి ధర దానికి కట్టనక్కర్లేదు. గుడ్లు పెట్టడం మానేసిన లేయర్ కోడిని కూడా నాటు పేరుతో వడ్డిస్తుంటారు. ముక్క గట్టిగానే ఉంటుంది, కాబట్టి పంటి కింద తేడా దొరకదు. కూరలో పసుపచ్చని కొవ్వు ముద్దలు ఎక్కువగా తేలితే అనుమానించండి.

అసలు నాటుకోడిని బొచ్చు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి, తోలుతోనే కోస్తారు. తోలు పలచగా, అక్కడక్కడ కాలిన మచ్చలతో ఉంటుంది. ఎముక గట్టిది. మామూలు గంజులో ఉడకడానికి గంటకు తక్కువ పట్టదు. ఆర్డరిచ్చిన పావుగంటలో వచ్చిందంటే ముందే వండి ఉంచిందైనా కావాలి, వేరే కోడైనా కావాలి. ఊరికి చేరడానికి గంటన్నర ముందు ఫోన్ చేసి "అన్నా, కిలో నాటుకోడి పెట్టించు" అని చెప్పడమే ఈ ప్రాంతపు పద్ధతి. కోడి బరువు కోయకముందు చెప్తున్నారా, కోశాక చెప్తున్నారా అన్నది ఫోన్‌లోనే తేల్చుకోండి, తగాదాలన్నీ అక్కడే మొదలవుతాయి.

దీని జోడీ జొన్న రొట్టె. జొన్నలో పిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ లేదు, కాబట్టి మసలే నీళ్లు పోసి పిండి కలిపితేనే అతుక్కుంటుంది. చేత్తో కొట్టి, పైన తడి అద్ది, పెనం మీద రెండు వైపులా కాల్చాలి. అందుకే చల్లారితే గట్టిపడి విరుగుతుంది. గంట తర్వాత కూడా మెత్తగా, సాగుతూ ఉన్న జొన్న రొట్టెలో గోధుమ పిండి కలిసినట్టే. షుగర్ ఉందని అదే పనిగా జొన్న రొట్టె అడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: చికెన్ ఎర్రగా ఉంటే కారం బాగా పట్టినట్టు.

మిరపకాయ ఎరుపు నూనెలో కరుగుతుంది, తిండిలో మామూలుగా కలిపే సింథటిక్ రంగు నీళ్లలో కరుగుతుంది. ఒక ముక్కను గ్లాసెడు నీళ్లలో వేయండి. ఎర్రటి నూనె చుక్కలు పైన తేలి, కింద నీళ్లు తేటగా ఉంటే అది కారం. నీళ్లంతా నారింజ రంగుకు తిరిగితే అది డబ్బా రంగు. బిర్యానీలో, కబాబుల్లో అలాంటి రంగులకు అనుమతి లేదు.

అలాగే, కారం క్రిములను చంపుతుందన్న ధీమా వద్దు, కూరలో వేసే మోతాదుకు అంత శక్తి లేదు. నోరు మండితే నీళ్లు పనిచేయవు, పెరుగు పనిచేస్తుంది. "కారం తక్కువ వేయండి" అని ముందే వండిన కూర విషయంలో చెప్పి లాభం లేదు. సర్వర్ సరే అంటాడు, వచ్చేది అదే కూర. తగ్గించగలిగేది అప్పటికప్పుడు చేసే ఆమ్లెట్లో, దోశలో, వేపుడులో మాత్రమే.

బజ్జీల నూనె సంగతి క్లుప్తంగా. నల్లబడటం ఒక్కటే చెడు గుర్తు కాదు. మూకుడు అంచున నురగ కట్టి తగ్గకపోవడం, మంట మామూలుగా ఉన్నా పొగ రావడం, తిన్నాక గొంతులో గరగర చూడాలి. నూనె పదేపదే కాగితే పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన 2018 జూలై నుంచి ఉంది.

అపోహ: బిల్లులో జీఎస్టీ అని ఉంటే కట్టాల్సిందే. నీళ్ల బాటిలుకు ఎంఆర్‌పీ మించి తీసుకుంటే ఎక్కడైనా నేరమే.

రెండూ సగం నిజాలు. మామూలు హోటల్ జీఎస్టీ 5 శాతం. అయితే కాంపోజిషన్ పద్ధతిలో, అంటే అమ్మకాల మీద పన్ను తానే కట్టుకునే పద్ధతిలో ఉన్న చిన్న హోటల్ కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, ఆ మాట బిల్లు మీదే ముద్రించి ఉండాలి. పన్ను వేసిన బిల్లులో జీఎస్టీ నంబరు ఉందేమో చూడండి, తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు బిల్లు మీద ఉండాలన్న నియమం 2022 జనవరి నుంచి వచ్చింది. సర్వీస్ చార్జి మీ ఇష్టం, బలవంతం లేదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది.

నీళ్ల బాటిలు విషయంలో 2017లో సుప్రీంకోర్టు హోటళ్ల వైపే మొగ్గింది. కూర్చోబెట్టి వడ్డించే చోట ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చు. అదే బాటిలు బస్టాండు దుకాణంలో కొంటే మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా తప్పే. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

అపోహ: కడుపు పాడైతే చివర తిన్న హోటలే కారణం.

గంట, రెండు గంటల్లో వాంతులైతే ఆ అనుమానం సబబే. విరేచనాలు, జ్వరంతో వచ్చేవి చాలాసార్లు పన్నెండు గంటల నుంచి రెండు మూడు రోజుల ముందు తిన్నవాటి ఫలితం. కాబట్టి హైదరాబాద్‌కు తిరిగొస్తూ కోదాడలో తిన్నందుకు సూర్యాపేటను, సూర్యాపేటలో తిన్నందుకు ఇంట్లో చట్నీని తిట్టుకుంటుంటారు.

బండిలో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. లీటరు ప్యాకెట్టును లీటరు మంచినీళ్లలో ఒకేసారి మొత్తం కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున కలిపితే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో వచ్చే తీపి పానీయాలు దీనికి పనికిరావు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటి మీద ఆ పేరు వాడొద్దంది. మందుల షాపులో పొడి ప్యాకెట్టే అడగండి. పిల్లలకు గుక్కగుక్కగా పట్టండి, ఒకేసారి గ్లాసెడు తాగిస్తే మళ్లీ వాంతి అవుతుంది.