బ్లేడు నట్టు ఎంత బిగించాలి?

హాలియా,
నల్లగొండ జిల్లా.

చిరంజీవులకు ఆశీస్సులు.

ఐటీఐలోనూ పాలిటెక్నిక్‌లోనూ చేరిన మీరంతా సెలవులకు వచ్చి, వానలకు బత్తాయి చెట్ల నడుమ మోకాలెత్తు పెరిగిన గడ్డిని మిషనుతో కోస్తామంటున్నారని విని సంతోషించాను. బ్లేడుకు సాన పట్టడం మీకు వచ్చు. దాన్ని తిరిగి బిగించే దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు కనుక ఆ ఒక్క సంగతే రాస్తున్నాను.

46 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొన గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మన ఎర్ర చెల్క నేలల్లో గడ్డి చాటున రాయి ఉండనే ఉంటుంది. అది తగిలినప్పుడు బ్లేడు ఊడకుండా కాసేది ఆ నడిమి బిగింపే.

నట్టు తిప్పినకొద్దీ బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన రబ్బరులాగే అది వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ లాగుడే బ్లేడును అదిమి పట్టి ఉంచుతుంది. సాగుడు చాలకపోతే అదురుకు నట్టు వదులవుతుంది; మితిమీరితే బోల్టు మళ్లీ తన పొడవుకు రాదు, లేదా మరలు తెగుతాయి.

ఈ తిప్పుడు బలమే టార్క్. 30 సెంటీమీటర్ల పానా కొసన 20 కిలోల బరువంత బలంతో అడ్డంగా లాగితే దాదాపు 59 న్యూటన్ మీటర్ల (టార్క్‌ను కొలిచే ప్రమాణం) టార్క్ పడుతుంది. అదే పానాకు ఇనుప పైపు తొడిగి పొడవు రెట్టింపు చేస్తే, చెయ్యికి తేడా తెలియకుండానే 118 అవుతుంది. పైపు తొడగనిదే బిగింపు నిలవదని చెప్పే అనుభవజ్ఞులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారికి దండం పెట్టి, పైపు మాత్రం పక్కన పెట్టండి.

ఇంకొకటి జాగ్రత్తగా చదవండి. మీరు పెట్టిన టార్క్‌లో ఇంచుమించు సగం నట్టు కింది రాపిడికీ, 40 శాతం మరల రాపిడికీ పోగా, బోల్టును సాగదీసేది 10 శాతమే. అందుకే పొడి మరలకు ఇచ్చిన అంకెను నూనె రాసిన మరల మీద వాడితే, రాపిడి తగ్గిన మేరకు, అంకె మారకుండానే బోల్టు చాలా ఎక్కువ సాగిపోతుంది. తుప్పు, మట్టి ఉంటే దీనికి తలకిందులు: టార్క్ రెంచ్ (మనం పెట్టిన టార్క్ అంకె చేరగానే టక్కుమనే పానా) టక్కుమంటుంది కానీ బిగింపు చాలదు. కాబట్టి మరలను తీగల బ్రష్‌తో శుభ్రం చేసి, నూనె సంగతి మిషను పుస్తకంలో ఎలా ఉంటే అలా చేయండి. టార్క్ అంకె కూడా అక్కడిదే, పక్క మిషనుది కాదు. ఫుట్ పౌండ్లలో ఇచ్చి ఉంటే 1.36తో హెచ్చించండి; 50 ఫుట్ పౌండ్లంటే 68 న్యూటన్ మీటర్లు.

పనికి ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకి, కార్బురేటర్ పైవైపు ఉండేలా మిషనును వాల్చి, బ్లేడుకు కర్రముక్క అడ్డం పెట్టండి. లోపల నైలాన్ పట్టీ ఉన్న నట్టయితే కొత్తది వేయండి. టార్క్ రెంచ్‌ను కుదుపులు లేకుండా లాగి, టక్కుమనగానే ఆపండి. రెండోసారి టక్కుమనిపించడం అనవసరం. దానితో నట్లు విప్పకండి, పని కాగానే స్కేలును కనిష్ఠానికి తిప్పి పెట్టండి.

గట్ల మీద వాడే బ్రష్ కట్టరుకు సాధారణంగా ఎడమ మరలుంటాయి, అంటే కుడివైపు తిప్పితేనే నట్టు వదులవుతుంది; ఇది తెలియక విప్పబోయి ఇంకా బిగించేస్తారు. పుస్తకం కనబడకపోతే మోడల్ నంబరు రాసి పంపండి, అంకె తెలిసేదాకా మిషను నడపకండి.

ఇట్లు,
మీ తాత