గిస్ట్ గడ్డ ఆపరేషన్: మార్జిన్ గురించి అపోహలు - వాస్తవాలు

ఆపరేషన్ తర్వాత బయాప్సీ రిపోర్ట్‌లో "మార్జిన్ పాజిటివ్", అంటే కోసి తీసిన ముక్క అంచున గడ్డ కణాలు ఉన్నాయి అని ఉంటే ఇక మిగతా పేజీ ఎవరూ చదవరు. "డాక్టర్ గారూ, గడ్డ లోపల మిగిలిపోయిందా? మళ్లీ కోయాలా?" అని ఆ కుటుంబమంతా టెన్షన్‌లో పడిపోతుంది. గిస్ట్ (జీర్ణకోశం గోడలో పుట్టే ఒక రకం క్యాన్సర్ గడ్డ) ఆపరేషన్లు చేసే సర్జన్‌గా ఆ భయం రోజూ చూస్తుంటాను. కానీ అదే రిపోర్ట్‌లో నా కళ్లు ముందు వెతికేది ఆ మాటను కాదు.

అపోహ: అంచులో కణాలు ఉన్నాయంటే గడ్డ మళ్లీ రావడం ఖాయం.

కంటికి కనిపించే గడ్డ లోపల మిగిలిపోతే దాన్ని ఆర్2 అంటాం. అది నిజంగానే సమస్య. మైక్రోస్కోప్ కింద మాత్రమే అంచున కణాలు కనిపిస్తే అది ఆర్1. ఈ రెండూ ఒకటి కావు. అమెరికాలో జరిగిన రెండు పెద్ద ట్రయల్స్‌లోని 819 మంది వివరాలు 2012లో వెలువడ్డాయి. వారిలో 72 మందికి ఆర్1 వచ్చింది. అంచు శుభ్రంగా ఉన్నవారితో పోల్చితే వీళ్లలో గడ్డ తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గిస్ట్‌కు ఇచ్చే ఇమాటినిబ్ మాత్ర వాడినా, వాడకపోయినా అంతే.

దీనికి కారణం గడ్డ స్వభావంలోనే ఉంది. గిస్ట్ పుట్టేది జీర్ణకోశం గోడలోని కండరపు పొరలో. మామూలు కడుపు క్యాన్సర్‌లా వేళ్లు తన్నుకుంటూ చుట్టూ పాకదు, పక్కవాటిని నెట్టుకుంటూ పెరుగుతుంది. చాలాసార్లు గోడ నుంచి బయటికి ఉబ్బి, పొట్ట లోపలి ఖాళీలోకి వేలాడుతుంటుంది. ఆ వైపు పలుచని పొర తప్ప కోయడానికి ఇంకేమీ ఉండదు. అక్కడ ఎంత వెడల్పు మార్జిన్ అడిగినా ఏ సర్జనూ ఇవ్వలేడు. పైగా కోసి తీసిన వెంటనే కండరం ముడుచుకుపోతుంది, ముక్కను భద్రపరిచే ఫార్మలిన్ ద్రవంలో ఇంకాస్త కుదించుకుపోతుంది. అందుకే ఆర్1 అని రాగానే నేను పాథాలజిస్ట్ పక్కన కూర్చుని, కణాలు కనిపించింది నేను కత్తి పెట్టిన అంచునా, లేక గడ్డ బయటి పొర మీదా అని చూసుకుంటాను.

ఇంకో సంగతి. గిస్ట్ తిరగబెడితే ఎక్కువగా కనిపించేది కాలేయంలో, పొట్ట లోపలి పొర మీద. కోసిన చోట కాదు.

అపోహ: కడుపు మొత్తం తీసేస్తే సేఫ్.

గడ్డను కొద్దిపాటి చుట్టు కణజాలంతో సహా పూర్తిగా తీస్తే సాధారణంగా సరిపోతుంది. లింఫ్ గ్రంథులు కూడా మామూలుగా తీయనక్కర్లేదు. ఎస్‌డీహెచ్ అనే ఎంజైమ్ లోపంతో ఎక్కువగా పిల్లల్లో, యువతలో వచ్చే రకం మాత్రం దీనికి మినహాయింపు.

అపోహ: మార్జిన్ నెగటివ్, ఇక భయం లేదు.

మొదటి అపోహ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. ముప్పును తేల్చేవి గడ్డ సైజు, కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయి, గడ్డ ఏ భాగంలో పుట్టింది అన్న మూడూ. ఉదాహరణకు 5 నుంచి 10 సెంటీమీటర్ల గడ్డ ఉంది, మైక్రోస్కోప్ కింద నిర్ణీత మేరలో విభజన చెందుతున్న కణాల లెక్క 5కి మించలేదు అనుకుందాం. అది జీర్ణాశయంలోదైతే ముదిరే అవకాశం సుమారు 3.6 శాతం. అదే చిన్నపేగులోదైతే సుమారు 24 శాతం. సైజు అదే, విభజన లెక్క అదే, మారింది చోటు మాత్రమే.

వీటన్నిటికంటే పెద్ద ముప్పు గడ్డ పగలడం. ఆపరేషన్‌కు ముందు దానంతట అదే పగిలినా, మా చేతుల్లో పగిలినా కణాలు పొట్టంతా చిందుతాయి. తర్వాత ఎంత శుభ్రమైన అంచుతో తీసినా ఆ కణాలను ఏరలేం. ఆర్1 వచ్చినవారిలో ఫలితాలు బాగా లేవని చెప్పిన అధ్యయనాల్లో కూడా, గడ్డ పగిలినవారిని పక్కన పెట్టి చూస్తే ఆ తేడా చాలావరకు పోయింది. అందుకే మార్జిన్ కోసం గడ్డను లాగి, పిండి, ఒత్తడం కంటే దాన్ని చెక్కుచెదరకుండా బయటికి తేవడమే సర్జన్ మొదటి బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను. లాప్రోస్కోపీలో గడ్డను నేరుగా పట్టుకోకుండా, సంచిలో వేసి తీసేది ఇందుకే. పురీషనాళం, డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) లాంటి ఇరుకు చోట్ల ముందు ఇమాటినిబ్‌తో గడ్డను కుదించి, ఆ తర్వాత ఆపరేషన్ చేసేదీ చాలావరకు ఇందుకే.

అపోహ: ఆర్1 వస్తే వెంటనే మళ్లీ ఆపరేషన్.

అందరికీ అక్కర్లేదు. కోసిన చోటు స్పష్టంగా తెలిసి, అవయవం పని దెబ్బతినకుండా తీయగలిగితేనే ఆలోచిస్తాం.

అపోహ: అంచు బాగాలేదు కాబట్టే ఇమాటినిబ్ ఇస్తారు.

ఆ మాత్ర అంచును సరిచేయడానికి కాదు. తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఇస్తాం, సాధారణంగా 3 ఏళ్లు. 2012లో వచ్చిన ట్రయల్‌లో ఏడాది వాడినవారిలో 5 ఏళ్ల తర్వాత బతికున్నది 81.7 శాతం. 3 ఏళ్లు వాడినవారిలో 92 శాతం. అయితే గడ్డకు జన్యుపరీక్ష చేయకుండా మొదలుపెట్టకూడదు. పీడీజీఎఫ్ఆర్ఏ అనే జన్యువులో డీ842వీ అనే మార్పు ఉంటే ఈ మందు పనిచేయదు.

గడ్డ పగిలిందా లేదా అన్నది బయాప్సీ రిపోర్ట్‌లో ఉండకపోవచ్చు. అది సర్జన్ రాసిన ఆపరేషన్ నోట్స్‌లో ఉంటుంది. తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ కాగితం కూడా తీసుకెళ్లండి. గడ్డ పగిలిందని అందులో ఉంటే మందుల నిర్ణయమే మారిపోతుంది.