గిరాకీ ఉంది, గల్లా ఖాళీ: చిన్న వ్యాపారాల గురించి అపోహలు - వాస్తవాలు

చిన్న వ్యాపారుల పద్దులు చూడటం నా పని. కిరాణా కొట్లు, కర్రీ పాయింట్లు, బట్టల దుకాణాలు, పచ్చళ్లు పట్టేవారు, ఒకటి రెండు లేత్ వర్క్‌షాపులు. మూతపడిన వాటి పుస్తకాలు కూడా నా బీరువాలో ఉన్నాయి. అందులో గిరాకీ లేక మూతపడినవి తక్కువ. బేరం బాగానే సాగుతూ, మళ్లీ సరుకు తెచ్చుకోవడానికి చేతిలో డబ్బు లేక ఆగిపోయినవే ఎక్కువ. కాగితం మీది లాభం వేరు, గల్లాపెట్టెలోని డబ్బు వేరు. ఈ తేడాను కప్పిపుచ్చే మాటలు కొన్ని తరచూ వింటుంటాను.

అపోహ: “అమ్మకం పెరిగితే లాభం దానంతట అదే పెరుగుతుంది.”

ఇంట్లో ఆవకాయ పట్టి అమ్మే ఒకావిడ లెక్క తీసుకుందాం. అంకెలు ఉదాహరణకే గానీ తీరు మాత్రం నేను ఎప్పుడూ చూసేదే. కిలో ఆవకాయ 500 రూపాయలు. మామిడి ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె అన్నీ కలిపి 260 అయింది. మిగిలింది 240, దాదాపు సగానికి సగం అని ఆవిడ సంతోషం.

ఇప్పుడు రాయనివి రాద్దాం. డబ్బా, మూత, లేబులు 25. అట్టపెట్టె, టేపు, కారకుండా చుట్టే కవరు 20. కాయ తుడిచి, కొట్టి, జీడి తీసిన మనుషుల కూలి 30. దారిలో కారిపోయి తిరిగొచ్చినవి, రుచి చూడమని ఇచ్చినవి కలిపి సగటున 10. చివరగా ఆవిడ సొంత కష్టం, అత్తగారి కష్టం. వాళ్ల స్థానంలో మరొకరిని పెట్టుకుంటే ఇవ్వాల్సినది కిలోకు 50 అనుకుందాం. మొత్తం ఖర్చు 395. మిగిలేది 105. ఇదీ గిట్టుబాటే, చెడ్డదేమీ కాదు.

అంతలో సూపర్ మార్కెట్ యజమాని ఒకరు వచ్చి, “నెలకు వంద కిలోలు మా దగ్గర పెట్టండి, అమ్మకం ధరలో నూటికి పాతిక మాకు” అన్నాడు. అంటే కిలోకు 125. మిగిలే 105లోంచి 125 ఇవ్వాలి. కిలోకు 20 రూపాయలు ఎదురు పెట్టుకోవాలన్న మాట. సొంత కూలి లెక్కలో వేయలేదు కాబట్టి ఆవిడకు మాత్రం 30 మిగిలినట్టే కనిపిస్తుంది. వంద కిలోలు అమ్ముడైతే పండగ. నిజానికి తన కూలిలోంచే కోసి ఆ దుకాణానికి ఇస్తోంది. అలసిపోయి, కూలికి మనిషిని పెట్టుకున్న నెలలో గానీ నష్టం బయటపడదు.

ఇంకొకటి. మామిడికాయ దొరికేది ఎండాకాలంలో కొన్ని వారాలే. ఏడాదికి సరిపడా కాయ, కారం, నూనె అప్పుడే కొనాలి. అమ్మకం మాత్రం ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా జరుగుతుంది. లాభం వచ్చినా అది జాడీల్లో ఉంటుంది, చేతిలో ఉండదు. కాబట్టి పచ్చళ్ల వ్యాపారంలో “ఈ ఏడు ఎంత పట్టాలి” అన్న ప్రశ్నకు జవాబు గిరాకీలో కంటే చేతిలో ఉన్న సొమ్ములోనే వెతకాలి. నేనైతే ఆవకాయతో పాటు కందిపొడి, కారప్పొడి, నువ్వుల పొడి లాంటివి పెట్టమంటాను. వాటికి రుతువు లేదు. ఈ వారం చేసింది వచ్చే వారం డబ్బవుతుంది.

అపోహ: “కొంచెం తగ్గించి అమ్మితే ఎక్కువ అమ్ముడవుతుంది, అదే సరిపోతుంది.”

80కి కొన్నది 100కి అమ్ముతున్నారు. 10 శాతం తగ్గించారు. మిగులు 20 నుంచి 10కి పడింది. పాత లాభం రావాలంటే అమ్మకం సరిగ్గా రెట్టింపు కావాలి. పది శాతం తగ్గింపుకు రెట్టింపు గిరాకీ ఏ వీధిలో వస్తుందో నాకైతే కనబడలేదు. పైగా ఇదే సరుకు మీద చాలామంది తమకు 25 శాతం వస్తోందనుకుంటారు. కొన్న ధర మీద చూస్తే అది 25 శాతమే, అమ్మిన ధర మీద 20 శాతమే. తగ్గింపు ఇచ్చేది అమ్మకం ధర మీద. అక్కడే లెక్క తప్పుతుంది.

మరి ఆషాఢం తగ్గింపుల మాట? దానికి అర్థం ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, శ్రావణానికి కొత్త సరుకు దిగాలి, బీరువాలు ఖాళీ కావాలి. కదలని చీరను అసలుకే ఇచ్చేసినా ఆ డబ్బు కొత్త సరుకుగా తిరుగుతుంది. మూల పడిన పాత సరుకు మీద తగ్గింపు తెలివైన పని. రోజూ కదిలే సరుకు మీద, ఏడాదంతా బోర్డు పెట్టి ఇచ్చేది సొంత జేబులోంచి ఇచ్చే కానుక.

అపోహ: “అరువు ఇవ్వకపోతే గిరాకీ పక్క కొట్టుకు పోతుంది.”

ఇందులో సగం నిజం ఉంది. “నేడు నగదు, రేపు అరువు” అని బోర్డు తగిలించిన కొట్లలోనూ ఆ బోర్డు కిందే అరువు పుస్తకం ఉంటుంది. వీధి చివరి కిరాణా కొట్టుకు పెద్ద మార్ట్ మీద ఉన్న బలం ఆ పుస్తకమే. అరువు మానేయమని నేను చెప్పను. దాని ఖరీదు తెలుసుకుని ఇవ్వమంటాను. నూటికి పది మిగిలే కొట్టులో 900 రూపాయల అసలు మునిగిందంటే, అది పూడ్చడానికి ఇంకో 9,000 రూపాయల అమ్మకం జరగాలి. అప్పటిదాకా పడ్డ శ్రమంతా ఆ ఒక్క బాకీ కిందికి పోయినట్టే.

పుస్తకం తెరిచి ఎవరు ఎంత బాకీ అని మాత్రమే చూస్తారు. నేను చూసేది వేరు: ఈ ఖాతా చివరిసారి సున్నా ఎప్పుడైంది? 6,000 బాకీ ఉన్నా ప్రతి నెలా అయిదో తేదీకి పూర్తిగా తీర్చేవారు మంచి ఖాతాదారు. 2,500 బాకీ ఉండి, 500 కట్టి 700 సరుకు పట్టుకెళ్లేవారి ఖాతా ఏడాదిగా సున్నాకు రాలేదంటే, ఆ 2,500 మీ పెట్టుబడిలోంచి వారికి శాశ్వతంగా ఇచ్చినట్టే. నెల జీతం వాళ్లకు నెల గడువు, వారం కూలి వాళ్లకు వారం గడువు. గడువు మొదటి రోజే చెప్పాలి. తర్వాత చెబితే అది గొడవ.

పెద్ద సంస్థలకు సరుకు వేసేవారి సంగతి ఇంకో రకం. “పెద్ద కంపెనీ, డబ్బు ఎక్కడికి పోతుంది” అని ఆరేడు నెలలు ఆగుతారు. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొన్నవారు ఒప్పందం ఉంటే అందులోని గడువులో, అదీ 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఆర్డర్లు పోతాయన్న భయంతో చేయరు, ఆ భయం నాకు అర్థమవుతుంది. అయితే 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ఒకటి పోట్లాట లేకుండానే పని చేస్తోంది: గడువు దాటిన బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే కొనుగోలుదారు ఖర్చుగా చూపుకోవాలి. చెల్లించకపోతే ఆ ఏడాది వాళ్ల పన్ను పెరుగుతుంది, అందుకని మార్చి నెలాఖరులో వాళ్ల అకౌంటెంటే ఫోన్ చేస్తాడు. అలా ఫోన్ రావాలంటే మీరు చిన్న సంస్థ అని వాళ్లకు తెలియాలి కదా. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైతే వచ్చే ఉద్యమ్ నంబరును బిల్లు మీద అచ్చు వేయించండి. ఆ నమోదు ఉచితం. వేలు వసూలు చేసేవారి మాట నమ్మకండి. ఒక్క మెలిక: కొని అమ్మే వ్యాపారులకు 2021 నుంచి ఉద్యమ్ నమోదు ఇస్తున్నా అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. ఈ 45 రోజుల రక్షణ తయారీదారులకు, సేవలు అందించేవారికే.

అపోహ: “యూపీఐ తీసుకుంటే పన్ను పడుతుంది, నగదైతే పడదు.”

2025 జులైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. బెంగళూరులో చాలా దుకాణాలు క్యూఆర్ కోడ్ పీకేసి “నగదు మాత్రమే” అని రాసుకున్నాయి. ఆ వారం ఇక్కడ మా వాళ్లూ కోడ్ స్టిక్కరు గీకేయాలా అని అడిగారు. పన్ను పడేది డబ్బు చేతికొచ్చిన పద్ధతిని బట్టి కాదు, టర్నోవరును (ఏడాది మొత్తం అమ్మకాన్ని) బట్టి, సరుకును బట్టి. పాలు, తాజా కూరగాయల వంటి పన్ను లేని సరుకే అమ్మేవారికి ఎంత అమ్మినా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. నోటీసుకు జవాబు అదే. కోడ్ తీసేయడం జవాబు కాదు.

జీఎస్టీ నమోదు అక్కర్లేని పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. సేవలకు రెండు చోట్లా 20 లక్షలు. దాటినవారికి, కోటిన్నర లోపు ఉంటే, కాంపోజిషన్ పద్ధతి ఉంది. వ్యాపారులకు, తయారీదారులకు టర్నోవరు మీద 1 శాతం, హోటళ్లకు 5 శాతం. కొనేవారి నుంచి పన్ను వసూలు చేయకూడదు, కొనుగోళ్ల మీద కట్టిన పన్ను తిరిగి రాదు.

పచ్చళ్లవారు పడే గుంట ఇంకోటి ఉంది. సరుకు రాష్ట్రం దాటితే పరిమితితో పని లేదు, నమోదు తప్పనిసరి. కాంపోజిషన్ కూడా కుదరదు. 2014 జూన్ 2 తర్వాత గుంటూరు నుంచి హైదరాబాద్‌కు పంపే కిలో గోంగూర పచ్చడీ రాష్ట్రం దాటిన సరుకే. “మన వాళ్లకే కదా పంపింది” అంటే చట్టం వినదు.

ఇక యూపీఐ వల్ల మేలు: ఆదాయపు పన్నులో అంచనా పద్ధతి ఎంచుకున్న చిన్న వ్యాపారికి నగదు వసూళ్ల మీద 8 శాతం లాభంగా లెక్క వేస్తే, బ్యాంకు ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతమే. లోనుకు వెళ్లినప్పుడు బ్యాంకు మేనేజరు అడిగేదీ ఆ స్టేట్‌మెంటే.

అపోహ: “లోను దొరికితే చాలు, నిలబడతాం.”

ముందుగా, ముద్ర అంటే ఉచితంగా వచ్చే సొమ్ము కాదు. 2015లో మొదలైన ఆ పథకం కింద వచ్చేది హామీ ఆస్తి అడగని అప్పు. శిశు విభాగంలో 50 వేలు, కిశోర్‌లో 5 లక్షలు, తరుణ్‌లో 10 లక్షలు, తరుణ్ తీర్చేసినవారికి 20 లక్షల దాకా. తీర్చాల్సిందే.

నిలవ సరుకు కోసం తీసుకున్న సీసీ (క్యాష్ క్రెడిట్, అవసరమైనప్పుడు వాడుకుని తిరిగి కట్టే బ్యాంకు అప్పు) పరిమితిలోంచి ఫ్రిజ్‌లు, గాజు అద్దాల అలమరలు కొంటారు. సరుకు అమ్ముడై డబ్బుగా తిరిగొస్తుంది, అలమర తిరిగి రాదు. యంత్రాలకు, సామానుకు విడిగా వాయిదాల లోను తీసుకోవాలి.

ఆ దారులు మూసుకుపోయినవారు రోజువారీ ఫైనాన్స్‌కు వెళతారు. 10,000 రాసుకుని 9,000 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి పోతోంది, సగటున మీ దగ్గర ఉన్నది సుమారు సగమే. ఏడాది లెక్కన ఆ వడ్డీ 75 శాతం దాటుతుంది. నూటికి పది మిగిలే సరుకు నెలలో ఒక్కసారి కూడా తిరగని కొట్టు ఈ భారం మోయలేదు. రోజూ ఉదయం కొని సాయంత్రానికి అమ్మేసే పూల బండి మోయగలదు. తేడా సరుకు తిరిగే వేగంలో ఉంది.

అపోహ: “ప్రకటనలు ఇస్తేనే ఎదుగుదల.”

గూగుల్ మ్యాప్స్‌లో ఫోను నంబరు సరిగా ఉందా, రాసిన వేళకు షట్టరు తెరుస్తున్నారా? ఈ రెండూ జరిగాక కరపత్రాల సంగతి మాట్లాడుకుందాం.

అపోహ: “నా కొట్టు, నా డబ్బు, లెక్కలెందుకు?”

గల్లాలోంచి పిల్లల ఫీజు, కొట్టులోంచి ఇంటికి నూనె ప్యాకెట్టు. నెలాఖరుకు లాభం ఎంతో దేవుడికి కూడా తెలియదు. యజమాని తనకు నెలకు ఇంత అని జీతం రాసుకోవాలి, అది ఇంటి ఖాతాలోకి వెళ్లాలి, ఇంటికి పట్టుకెళ్లిన సరుకు కొన్న ధరకు పుస్తకంలో పడాలి. ఇంట్లో పెళ్లి వస్తే కొట్టులోంచి తీసిన సొమ్మును అప్పుగానే రాయాలి. ఇది మొదట భార్యాభర్తల మధ్య తేలాల్సిన విషయం, నా బోటివాడు చెబితే తేలదు.

అపోహ: “ఒకటి బాగా నడుస్తోంది, రెండోది పెడితే రాబడి రెట్టింపు.”

మొదటి కర్రీ పాయింటు బాగా నడవడానికి కారణం చాలాసార్లు యజమాని అక్కడ ఉండటమే. ఎన్ని గంటలకు పప్పు అయిపోతుందో, వాన పడితే వేపుళ్లు ఎంత తగ్గించాలో అతనికి తెలుసు. రెండో చోట ఆ లెక్క తెలియని మనిషి రాత్రి మిగిలిన కూరలు పారబోస్తాడు. అక్కడ పోయేది లాభం కాదు, అసలు. అందుకే ముందు మొదటి కొట్టు లెక్కలోనే మేనేజరు జీతం ఒకటి రాసి చూడమంటాను. అది పోయాక ఏమీ మిగలకపోతే రెండో కొట్టుకు ఆధారం లేదు.

మిగిలినా, అడ్వాన్సు ఇచ్చే ముందు అద్దె కాగితం చదవండి. ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సులో ఏం కోసుకుంటారు, షట్టరు, టైల్స్, కరెంటు పని మీరు చేయిస్తే వెళ్లేటప్పుడు అవి ఎవరివి? పొయ్యిలు, గిన్నెలు ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు, గోడకు అతికించింది తీసుకురాలేరు. రెండో చోట పెట్టే ఖర్చులో ఆ అతికించే భాగం ఎంత తక్కువైతే అంత మంచిది.